నాలుగేళ్ల లైసెన్సింగ్ కిట్, ఒక బటన్ బ్యాటరీ

లైసెన్సింగ్ కిట్ అంటే మనం అమ్మే సాఫ్ట్‌వేర్‌లో కలుపుకునే రెడీమేడ్ భాగం; ట్రయల్ గడువులూ లైసెన్స్ కీలూ అదే చూసుకుంటుంది. ట్రయల్ ఎన్ని రోజులు పెట్టాలి, కీ ఎలా తయారు చేయాలి లాంటివి రాయను. ఇలాంటి కిట్ కొనేవాళ్లకి అవి తెలిసినవే. మా స్టాక్, అకౌంట్ల సాఫ్ట్‌వేర్‌కి నాలుగేళ్లుగా ట్రయళ్లూ లైసెన్సులూ దీంతోనే నడుపుతున్నాను. నాకున్న కోపమంతా ఒక్క ఫీచర్ మీదే: ట్రయల్ గడువు సాగదీయడానికి కంప్యూటర్ గడియారం వెనక్కి తిప్పారేమో చూసే చెక్.

ముందు మంచి మాట చెప్పాలి. నెట్ లేకుండానే పనిచేసే ఆఫ్‌లైన్ కీ బంగారం. మా సాఫ్ట్‌వేర్ ఎక్కువగా గోదాముల్లో నడుస్తుంది, అక్కడ నెట్ ఉన్న రోజు ఉంటుంది, లేని రోజు లేదు. లైసెన్స్ ఫైలు మీద మా దగ్గర మాత్రమే ఉండే రహస్య కోడ్‌తో (ప్రైవేట్ కీ) డిజిటల్ సంతకం పడుతుంది, సాఫ్ట్‌వేర్‌లో ఉండే దాని జత కోడ్ (పబ్లిక్ కీ) దాన్ని సరిచూసుకుంటుంది, అంతే. సర్వర్‌తో పనిలేదు. లైసెన్స్ కీలలో ఒకటి, సున్నా అంకెల్లా కనిపించే ఐ, ఎల్, ఓ అక్షరాలు రాకుండా చూశారు. ఫోన్‌లో కీ చదివి వినిపించినవాళ్లకే తెలుస్తుంది ఆ సుఖం.

ఇక అసలు సంగతి. 30 రోజుల ట్రయల్‌లో 22వ రోజున ఒకాయన ఫోన్ చేశారు. "ఏమండీ, మీ సాఫ్ట్‌వేర్ మమ్మల్ని దొంగలంటోంది" అన్నారు. తెర మీద చూస్తే, సిస్టమ్ సమయం మార్చారు కాబట్టి ట్రయల్ రద్దు అని ఉంది. ఆయన దేన్నీ ముట్టుకోలేదు. రిమోట్‌లో చూశాను, తేదీ సరిగ్గానే ఉంది. అన్‌ఇన్‌స్టాల్ చేసి మళ్లీ వేశాను. లాభం లేదు, ఎందుకంటే ట్రయల్‌కి తాళం వేశామన్న గుర్తు రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోటు) ఒకటి, ఎక్కడో దాచిన ఫైల్లో ఒకటి ఉంటుంది. కొత్త ట్రయల్ కీ ఇస్తే, ఈ మెషీన్ ట్రయల్ ఎప్పుడో వాడేసిందంటుంది. కిట్‌వాళ్లకి రాస్తే, అది అలా పనిచేయాల్సిందే అని జవాబు. చివరికి వాళ్ల చేతే ఆ మెషీన్ గుర్తును రీసెట్ చేయించాను. మర్నాడు పొద్దున మళ్లీ అదే మెసేజ్!

ఆ పూట ఆయనే మాటల్లో అన్నారు: "రాత్రి వెళ్లేటప్పుడు ప్లగ్ దగ్గరే స్విచ్ ఆపేస్తామండీ." అప్పుడు వెలిగింది. కరెంటు లేనప్పుడు కంప్యూటర్ గడియారాన్ని నడిపే, మదర్‌బోర్డు మీది సీఆర్2032 బటన్ బ్యాటరీ చచ్చిపోయింది. కరెంటు తీసేస్తే గడియారం ఏళ్ల వెనక్కి పోతుంది. పొద్దున ఆన్ చేశాక విండోస్ నెట్ నుంచి సమయం తెచ్చుకుంటుంది, కానీ మా సాఫ్ట్‌వేర్ స్టార్టప్‌లో ఉంది కాబట్టి అంతకంటే ముందే లేచి పాత తేదీ చూసేస్తుంది. నేను రిమోట్‌లో చూసేసరికి అంతా సవ్యంగా ఉండేది. మూడు రోజుల టెన్షన్ ఒక బటన్ బిళ్ల వల్ల.

నన్ను మండించేది ఏంటంటే, ఆ శాశ్వత తాళం వల్ల ఒరిగేదేమీ లేదు. చివరిసారి చూసిన సమయం ఎలాగూ రాసి పెట్టుకుంటుంది. అంతకంటే వెనక తేదీ ఉన్నంతసేపు తెరుచుకోకపోతే చాలు, గడియారం తిప్పినవాడికి ఒక్క రోజు కూడా కలిసిరాదు. తేదీ సరిచేశాక తెరుచుకోవచ్చు కదా? అలా మార్చుకునే సెట్టింగ్ ఉంది కూడా. డిఫాల్ట్ మాత్రం తాళమే. ఆ పేజీ నేను మొదట్లో చదవలేదు, ఆ తప్పు నాది. ఇప్పుడు మా మెసేజ్ "కంప్యూటర్ తేదీ ఒకసారి చూసుకోండి" అని మాత్రమే అంటుంది. ఆ తర్వాత ఇలాంటి ఫోన్ రాలేదు.

ఆయన సాఫ్ట్‌వేర్ కొనలేదు. మర్యాదగానే వద్దన్నారు.

ఆఫ్‌లైన్ కీ బంగారం అన్నాను గానీ, డబ్బు వాపసు తీసుకున్న ఒక కస్టమర్ దగ్గర ఏడాది కీ అలాగే పనిచేస్తూ ఉండిపోయింది. సర్వర్‌ని అడగని కీని మధ్యలో ఆపలేం. అందుకే ఇప్పుడు మూడు నెలల కీలు ఇస్తున్నాను. దాంతో నాకు ఆ మేరకు పని పెరిగింది.

మేమున్నది ఇద్దరం, అమ్మేది డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్, కాబట్టి మాకు ఇది సరిపోయింది. బ్రౌజర్‌లో నడిచేదైతే గడువు మీ సర్వర్‌లోనే ఉంటుంది, దీని అవసరమే పడకపోవచ్చు. వచ్చే నెల మా రెన్యూవల్. మూడేళ్లకి ఒకేసారి కడితే తగ్గిస్తామన్నారు. ఒక ఏడాదికే కడతానన్నాను.