లాగ్‌సీక్‌లో పోగేసుకోండి, రాయడం మాత్రం అబ్సిడియన్‌లో

నోట్స్ రాసుకునే ఈ రెండు యాప్‌లనీ ఏడాదిగా వాడుతున్నా. రెండూ ఫ్రీనే, రెండూ నోట్స్‌ని మన సిస్టమ్‌లోనే మార్క్‌డౌన్ ఫైళ్లుగా, అంటే ఎందులోనైనా తెరుచుకునే మామూలు టెక్స్ట్ ఫైళ్లుగా దాస్తాయి (లాగ్‌సీక్ కొత్త డీబీ వెర్షన్ సంగతి వేరు, అది డేటాబేస్‌లో పెడుతుంది), కానీ వాడుతుంటే అస్సలు ఒకేలా ఉండవు.

లాగ్‌సీక్ తెరవగానే ఇవాళ్టి తేదీతో పేజీ, అందులో ఒక బుల్లెట్. ఏ ఫోల్డర్లో పెట్టాలి, ఏం పేరు పెట్టాలి అనే గొడవే లేదు, కొట్టుకుంటూ పోవడమే, ఎంటర్ కొడితే ఇంకో బుల్లెట్, ట్యాబ్ కొడితే పైదాని కిందకి దూరుతుంది, బుల్లెట్ మీద క్లిక్ చేస్తే మిగతా అంతా పోయి అదొక్కటే స్క్రీన్ మీద ఉంటుంది. రామప్ప గుడి చూసొచ్చిన రాత్రి గంటలో నలభై పాయింట్లు దింపేశా. 1213, రేచర్ల రుద్రుడు, ఇసుక పునాది, తేలే ఇటుకలు, నల్లరాతి మదనికలు, 2021 యునెస్కో... ఇంకేముంది, వ్యాసం అయిపోయినట్టే అనుకున్నా.

మర్నాడు కూర్చుంటే ఒక్క పేరా కదిలితే ఒట్టు. తప్పు యాప్‌ది కాదు, నాదే. నా బుల్లెట్లలో క్రియలే లేవు! తెలుగులో క్రియ చివర్లో వస్తుంది కదా, పాయింట్ రాసేటప్పుడు మనం ముందు కోసేసేది దాన్నే. 'తేలే ఇటుకలు, శిఖరం' అని ఉంది, సరే, తేలితే శిఖరానికేంటంట? పైన బరువు తగ్గాలని ఆ తేలిక ఇటుకలు వాడారు అని నాకు తెలుసు, కానీ ఆ 'తగ్గాలని' అనే ముక్క ఎక్కడా రాసుకోలేదు.

అబ్సిడియన్‌లో ఉత్త ఖాళీ పేజీ ఇస్తాడు, మొదట్లో భయమేస్తుంది, కానీ వాక్యం పూర్తిచేయక తప్పదు. హెడింగులు పెట్టుకుంటే పక్కన అవుట్‌లైన్ ప్యానెల్లో కనిపిస్తాయి, అక్కడ హెడింగ్‌ని పట్టుకుని లాగితే కింద ఉన్న పేరాలన్నీ దాంతో పాటే జరుగుతాయి, పెద్ద వ్యాసాలకి ఇదొక్కటి చాలు. మైనస్ ఏంటంటే ప్లగిన్ల (యాప్‌కి తగిలించుకునే అదనపు హంగుల) పిచ్చి, థీములు మార్చుకుంటూ ఒక ఆదివారం మొత్తం తగలేశా. ఫోన్‌కీ లాప్‌టాప్‌కీ వాళ్ల సింక్ కావాలంటే డబ్బులు వేరే కట్టాలి.

లాగ్‌సీక్‌లో కూడా షిఫ్ట్ ఎంటర్ కొడితే ఒకే బుల్లెట్లో పేరాలు రాయొచ్చు లెండి, నాకు చెయ్యి తిరగలేదు. మీటింగులకీ, పరీక్షల నోట్స్‌కీ అయితే కళ్లు మూసుకుని లాగ్‌సీకే.

ఇప్పుడు నేను చేసేది, లాగ్‌సీక్ ఫైల్‌నే అబ్సిడియన్‌లో తెరుస్తా. ప్రతి లైన్ ముందూ ఒక గీత ఉంటుంది, ఒకేసారి తీసేయకుండా ఒక్కో గీతా చెరుపుతూ ఆ లైన్‌కి క్రియ తగిలిస్తా. రామప్ప నలభైలో పదకొండు లైన్లకి ఏ క్రియా దొరకలేదు, వాటిని తీసి పారేశా.