చీరాలా, బాపట్లా: సముద్రం పక్కన కాపురం పెట్టేవాళ్లు చూసుకోవలసినవి

చీరాల, బాపట్ల మధ్య రైలు దూరం 15 కిలోమీటర్లు. రెండూ సముద్రతీర పట్టణాలే, కానీ అలల చప్పుడు రెండు ఊళ్లలోనూ వినపడదు. చీరాల నుంచి ఓడరేవు బీచికి ఆరేడు కిలోమీటర్లు, బాపట్ల నుంచి సూర్యలంక బీచికి సుమారు తొమ్మిది. రిటైరయ్యాక ఇటువైపు స్థిరపడదామనుకునే వాళ్లు చాలామంది శనివారం వచ్చి, బీచ్ రిసార్టులో ఒక రాత్రి గడిపి, ఆదివారం సాయంత్రానికి స్థలానికి అడ్వాన్సు ఇచ్చేస్తుంటారు. అది తప్పుడు పద్ధతి. రిసార్టు వాళ్లు ట్యాంకరు తెప్పిస్తారు, ఆర్వో ప్లాంటు పెట్టుకుంటారు, జనరేటరు నడుపుతారు. ఊరి నీళ్లెలా ఉంటాయో, కరెంటు ఎంతసేపు పోతుందో అక్కడ ఉంటే తెలియదు.

బస ఊళ్లోనే చేయండి. రెండు చోట్లా స్టేషన్ దగ్గర మామూలు లాడ్జీలున్నాయి. ఒక్కో ఊళ్లో కనీసం రెండు రాత్రులు, అదీ వారం మధ్యలో ఉండాలి. మే నెలాఖరులో ఒకసారి, అక్టోబరు–నవంబరు వానల్లో మరోసారి చూడాలి. మేలో పడమటి గాలి తిరిగిందంటే సముద్రపు గాలి మధ్యాహ్నం దాకా రాదు, ఎండకు ఉక్కపోత తోడవుతుంది. జనవరిలో చూసి ముచ్చటపడినవాళ్లకు ఆ ఊరే మేలో కొత్తగా కనిపిస్తుంది.

ఇక అన్నిటికంటే ముందు తేలవలసింది నీళ్ల సంగతి. తీరం వెంబడి ఉన్నది ఇసుక నేల. వాన నీరు ఇసుకలోకి ఇంకి, కింద ఉన్న ఉప్పునీటి మీద తేలుతూ నిలుస్తుంది. మంచినీటి మట్టం సముద్రమట్టానికి ఒక మీటరు ఎత్తున ఉంటే, దాని కింద సుమారు 40 మీటర్ల దాకా మంచినీరు ఉంటుందని శాస్త్రం చెప్పే లెక్క. దీన్నే తిరగేసి చూడండి. గట్టిగా తోడి ఆ మట్టాన్ని అర మీటరు దించితే, అడుగునుంచి ఉప్పునీరు 20 మీటర్ల దాకా పైకి వచ్చే వీలుంది. అందుకే ‘ఇంకో వంద అడుగులు దించితే తియ్యటి నీళ్లు పడతాయి’ అనే మాట ఇసుక నేలలో నమ్మకూడదు. ఇక్కడ పనికొచ్చేది తక్కువ లోతు ఫిల్టర్ పాయింటు (ఇసుకలోకి దించే జల్లెడ గొట్టం), చిన్న మోటారు. రోజుకు రెండు మూడు విడతలుగా కాస్త కాస్త తోడుకోవాలి. పెద్ద మోటారు పెట్టి గంటల తరబడి లాగితే కొన్నాళ్లు బాగానే నడిచి, ఆ తర్వాత నోటికి ఉప్పు తగులుతుంది. ఒకసారి ఉప్పెక్కిన పాయింటు మళ్లీ తేరుకోవడానికి చాలా కాలం పడుతుంది.

ఇక్కడి పాత రైతులకు ఇది బాగా తెలుసు. వాళ్లు తవ్వుకున్న దొరువులు చూస్తే అర్థమవుతుంది: ఇసుకలో గరాటులా వెడల్పాటి గొయ్యి, నీరు ఊరేంత లోతుకే తవ్వకం, దిగడానికి వాలుగా దారి. రెండు చేతులా కుండలు పట్టుకుని దిగి, ముంచుకుని, నారుమళ్లకూ కూరపాదులకూ పోసేవాళ్లు. ఊరిన మేరకే తోడేవాళ్లు కాబట్టి ఉప్పు పైకి రాలేదు. బాపట్లలోని ఉప్పునీటి పరిశోధన కేంద్రం ఈ దొరువునే మెరుగుపరిచింది. కొద్ది లోతులో చిల్లుల పైపులు అడ్డంగా పరిచి, వాటిలోకి దిగిన నీటిని ఒక బావిలోకి చేరుస్తారు. ఇంటితోపాటు తోట కూడా వేసుకుందామనుకునేవాళ్లు బోరుకు డబ్బు పోసే ముందు అక్కడికి వెళ్లి అడగాలి.

ఇల్లు చూడటానికి వెళ్లేటప్పుడు జేబులో టీడీఎస్ మీటరు, అంటే నీళ్లలో కరిగిన లవణాలెన్నో చూపే చిన్న పరికరం, ఉండాలి. మోటారు వేయగానే ఒకసారి, అరగంట ఆగకుండా నడిచాక మరోసారి కొలవండి. రెండో అంకె పైకి ఎగబాకితే ఉప్పు దగ్గర్లోనే ఉన్నట్టు. తాగునీటిలో టీడీఎస్ భారత ప్రమాణాల ప్రకారం లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదు, వేరే దారి లేనప్పుడు 2000 దాకా ఒప్పుకుంటారు. వానలు వెలిశాక, డిసెంబరులో కొలిస్తే దాదాపు ప్రతి ఇంటి నీళ్లూ మంచివిగానే తేలతాయి. మే నెలాఖరు అంకెనే లెక్కలోకి తీసుకోండి. దగ్గర్లో రొయ్యల చెరువులుంటే ఆ స్థలం వదిలేయడమే మేలు. చెరువులోని ఉప్పునీరు పైనుంచి కూడా ఇంకుతుంది. తాగేదానికి ఆర్వో ఉంది కదా అనుకోవద్దు, స్నానానికీ గీజరుకూ కుళాయిలకూ వాడేది ఆ బోరు నీళ్లే.

ఊళ్ల తీరు వేరు. చీరాల వ్యాపారపు ఊరు. బట్టల మార్కెట్టుకు చుట్టుపక్కల జిల్లాల నుంచి వస్తారు, పేరాల, జాండ్రపేట, ఈపూరుపాలెం వైపు మగ్గాలున్నాయి, కుప్పడం చీరలు ఇక్కడివే. వీధులు ఇరుకు, ఇళ్లు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. 1921లో మునిసిపల్ పన్నుల మీద తిరగబడి, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట ఊరు ఖాళీ చేసి రామ్‌నగర్‌లో పాకలేసుకున్న జనం ఊరిది. బాపట్ల చదువుల ఊరు. 1945 నాటి వ్యవసాయ కళాశాల, 1981 నాటి ఇంజనీరింగ్ కళాశాల ఉన్నాయి. 2022 ఏప్రిల్ నుంచి జిల్లా కేంద్రం కూడా కావడంతో ఆఫీసులు పెరిగాయి. వ్యాపారం చేసేవాళ్లకు చీరాల తప్ప వేరే మాట లేదు. పెన్షన్ మీద ప్రశాంతంగా ఉండాలనుకునేవాళ్లకు, పిల్లల్ని చదివించుకునేవాళ్లకు మా ఓటు బాపట్లకే.

ఆ ఓటుకు ఇంకో కారణం ఆసుపత్రి. రెండు చోట్లా ప్రభుత్వ ఏరియా ఆసుపత్రి ఉన్నా, గుండె, మెదడు లాంటి పెద్ద కేసులు బయటికి తీసుకెళ్లవలసిందే. బాపట్ల నుంచి పొన్నూరు మీదుగా గుంటూరు సుమారు 50 కిలోమీటర్లు. చీరాల నుంచి ఒంగోలు కూడా దాదాపు అంతే, గుంటూరు మాత్రం ఇంకా దూరం. మీ డాక్టర్లు ఏ ఊళ్లో ఉన్నారో దాన్నిబట్టి ఈ లెక్క మారుతుంది. ఆ దారిలో ఒకసారి చీకటిపడ్డాక ప్రయాణం చేసి చూడండి. రైళ్ల విషయంలో పెద్ద తేడా లేదు. రెండూ విజయవాడ–చెన్నై మెయిన్‌లైన్ మీదివే, పినాకిని ఎక్స్‌ప్రెస్ రెండు చోట్లా ఆగుతుంది.

సముద్రం కోసం ఎంచుకునేవాళ్లకు ఒక మాట. సూర్యలంకలో ఇసుక వెడల్పు, ఏపీ టూరిజం వాళ్ల హరిత రిసార్టు తీరం మీదే ఉంది. ఆదివారాలూ కార్తీక పౌర్ణమీ వస్తే కాలు పెట్టే చోటుండదు. పక్కనే ఎయిర్‌ఫోర్స్ స్టేషన్ ఉంది, అక్కడ క్షిపణి పరీక్షలు జరుగుతాయి. ఆ చుట్టుపక్కల స్థలం కొనాలంటే కట్టడానికి అనుమతి వస్తుందో లేదో ముందే రాతపూర్వకంగా తెలుసుకోవాలి. ఓడరేవు, రామాపురం వైపు ప్రైవేటు రిసార్టులు ఎక్కువ, చేపల రేవు కాబట్టి తాజా చేప దొరుకుతుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లకు వేట నిషేధం, ఆ రెండు నెలలూ రేవు వెలవెలబోతుంది. రెండు తీరాల్లోనూ లోపలికి లాగే ప్రవాహాలు ప్రాణాలు తీశాయి. మోకాలి లోతు దాటకండి.

తీరం అంచున స్థలం కొనే ముందు కాగితాలు నెమ్మదిగా చూసుకోండి. పోటు గీత నుంచి 500 మీటర్ల వరకు తీర నియంత్రణ నిబంధనలు వర్తిస్తాయి. గ్రామీణ ప్రాంతాల్లో మొదటి 200 మీటర్లలో మామూలుగా కొత్త ఇంటికి అనుమతి ఉండదు. 2019 నోటిఫికేషన్ జనసాంద్రత ఎక్కువున్న గ్రామాలకు మాత్రం దాన్ని 50 మీటర్లకు తగ్గించింది. సర్వే నంబరు తీసుకుని ప్రభుత్వ భూ రికార్డుల వెబ్‌సైటు మీభూమిలో అడంగల్, 1బీ చూసి, రిజిస్ట్రేషన్ ఆఫీసులో 22ఏ జాబితాలో (రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల జాబితా) ఉందేమో అడిగి, ఆ స్థలం మీద జరిగిన లావాదేవీలు చూపే ఈసీ తీయించండి. తీరప్రాంతంలో అసైన్డ్ భూములు, అంటే ప్రభుత్వం పేదలకు పంచినవి, చాలా ఉన్నాయి. సరుగుడు తోట అని చూపించినది ప్రభుత్వ భూమి కావచ్చు.

తుఫాన్లు ఈ తీరానికి కొత్త కాదు. 2010 మే 20న లైలా, 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గరే తీరం దాటాయి. గాలి ఒకటి రెండు రోజుల్లో పోతుంది, నీరు అలా పోదు. డెల్టా చివరన ఉండటంతో పైనుంచి మురుగు కాల్వల్లో వచ్చే నీరు, సముద్రం పోటు మీద ఉన్నప్పుడు దిగక వెనక్కి తన్నుతుంది. వీధిలో పాత గోడల మీద నీటి చార ఎంత ఎత్తున ఉందో చూడండి, కిరాణా కొట్టాయన్ని అడగండి. ఇంటి గచ్చు ఆ చారకు పైన ఉండాలి.

కట్టిన ఇల్లు కొనేటప్పుడు సన్‌షేడ్ అంచు కింద, బాల్కనీ స్లాబు అడుగున టార్చిలైటు వేసి చూడండి. ఉప్పుగాలి ముందు పట్టుకునేది అక్కడే. కమ్మీ వెంబడి సన్నటి పొడవాటి పగులు, దాని పక్కన గోధుమరంగు మరక కనిపిస్తే లోపల ఇనుము తుప్పుపట్టి ఉబ్బుతోందన్నమాట. తీరంలో బయటికి ఉండే కాంక్రీటుకు ఎం30 రకం మిశ్రమం, కమ్మీ మీద 45 మిల్లీమీటర్ల కాంక్రీటు కవరింగ్ ఉండాలని కాంక్రీటుకు భారత ప్రమాణమైన ఐఎస్ 456 చెబుతుంది. మేస్త్రీలు అలవాటుగా ఇచ్చే కవరింగ్ అందులో సగం. దగ్గర్లో దొరుకుతుందని తీరపు ఇసుక కలిపినా, ఉప్పు బోరు నీళ్లతో కలిపినా నష్టం రెట్టింపు. పగులు మీద పైపైన సిమెంటు పూసి రంగు వేసిన ఇల్లయితే సుత్తితో తట్టి చూడండి, డొల్ల చప్పుడు వస్తే ఆ స్లాబు రిపేరు ఖర్చు ధరలో తగ్గించమని అడగండి, లేదా వదిలేయండి.