కర్నూలు అన్నలూ, గోడమీద స్టిక్కర్ చూసి ‘ఆ’ పొడి మాత్రం కొనొద్దండి

పేరు రాయలేను, అర్థం చేసుకోండి. వయసు 41. ఎనిమిది నెలల కింద ఒక రాత్రి భార్య దగ్గర అంగం గట్టిపడలేదు. అలసటలే అనుకున్నా. రెండోసారి, మళ్లీ అట్లే అవుతుందేమోనన్న టెన్షన్‌తోనే అయిపోయింది. ఇక అక్కడి నుంచి చీకటి పడుతోందంటే గుండె దడ. ఉక్కపోస్తోందని చెప్పి చాప చంకన పెట్టుకుని మిద్దె మీదికి పోయేవాణ్ణి, డిసెంబర్లో కూడా! ఆమె ఒక్క మాట అనలేదు, అదే ఇంకా కుంగదీసింది. పిల్లోడు లెక్క తప్పు చేస్తే చెయ్యి లేచేది.

అట్లాంటి రోజుల్లో బస్టాండు దగ్గర మరుగుదొడ్డి గోడమీద నంబర్ చూసి ఫోన్ చేశా. అంతా మూలికలే, మోకాళ్ల నొప్పులకూ పనికొస్తుందన్నాడు. 2,800 పెట్టి తెప్పించా. డబ్బా మీద బ్యాచ్ నంబర్ లేదు, లైసెన్స్ నంబర్ లేదు, సింహం బొమ్మ మాత్రం ఉంది. పాలల్లో కలుపుకుని తాగిన గంటకు మొహం సెగలు కక్కింది, తల పగిలిపోయేంత నొప్పి, ట్యూబ్‌లైట్ నీలంగా కనపడింది. పనిచేసిందా అంటే చేసింది, అబద్ధమెందుకు. డబ్బా అయిపోయాక కథ మళ్లీ మొదటికే. వాడేమో కోర్సు పూర్తి చేయాలి, 7,500 అన్నాడు. వద్దంటే, ‘మీ అడ్రస్ ఉంది కదా సార్, పార్శిల్ పగలు పంపిస్తా, మేడమ్ తీసుకుంటారులే’ అన్నాడు. నోరు మూసుకుని కట్టా. వాడు అమ్మేది పొడి కాదన్నా, మన సిగ్గునే మనకు అమ్ముతున్నాడు.

ఆఖరికి పెద్దాసుపత్రికి పోయా. నీలం వెలుగు సంగతి వినగానే డాక్టర్, ఇది మూలికల పని కాదు, సిల్డెనాఫిల్ అని అంగం గట్టిపడటానికిచ్చే ఇంగ్లీషు మందు కలిపుంటారు అన్నాడు. చీటీ లేకుండా అమ్మకూడని మందు అది. గుండెనొప్పికి సార్బిట్రేట్ వాడేవాళ్లు దాన్ని వేసుకుంటే బీపీ ఒక్కసారిగా పడిపోయి ప్రాణమే పోవచ్చట. మా నాయన జేబులో ఎప్పుడూ ఉండేది ఆ సార్బిట్రేటే. మోకాళ్లకు మంచిదని ఈ పొడి ఆయనకూ ఒక చెంచా ఇద్దామనుకున్నా, తలుచుకుంటే ఇప్పటికీ చెమటలు పడతాయి.

పొద్దున లేచేటప్పుడు గట్టిపడుతోందా అని డాక్టర్ అడిగాడు. అప్పుడప్పుడూ అన్నా. అయితే ఇందులో మనసు వాటా పెద్దదే అన్నాడు. పరగడుపున షుగర్ 168 వచ్చింది, దానికీ మందు రాశాడు. నిద్ర, ఆకలి, చచ్చిపోవాలనిపిస్తోందా అనీ అడిగి మానసిక వైద్యుడి దగ్గరికి పంపాడు. ఆసుపత్రి దాకా పోలేనివాళ్లు 14416కి ఫోన్ చేయండి, టెలిమానస్ అని మనసు బాగోలేనివాళ్ల కోసం సర్కారు పెట్టిన హెల్ప్‌లైన్, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. ఇంకోటి, ఇట్లాంటి మందులకు ప్రకటనలు వేయడమే 1954 చట్టం ప్రకారం నేరం.

ఆ రాత్రి ఆమెకు అంతా చెప్పేశా. ఆ ఫోన్లు, గుసగుసలు చూసి నాకు ఇంకెవరో ఉన్నారనుకుందట ఇన్నాళ్లూ.

నిన్న వాడు మళ్లీ చేశాడు. ఫోన్ ఆమే ఎత్తి, ‘ఆ మేడమ్‌ను నేనే, పార్శిల్ పగలే పంపు’ అంది.