రోజుకు ఒక్క ఊరే: పెద్దవాళ్ల అధ్యయన యాత్రలపై నా సమీక్ష

రిటైరైన వాళ్లను ఓ ఇరవై మందిని జమచేసి, ఒక ప్రాంతంలోని గుళ్లు, నేతపని, బొమ్మలు, ఆటపాటల గురించి బాగా తెలిసినవాళ్లను వెంటపెట్టుకుని తిప్పే యాత్రలు మన దగ్గరా నడుస్తున్నాయి. నేనూ మా వదినా ఉద్యోగాలు అయిపోయినప్పటి నుంచి వీటితో తిరుగుతూనే ఉన్నాం. ఎక్కువసార్లు ఒకే నిర్వాహకులతో వెళ్లాం, మధ్యలో వేరేవాళ్లనూ చూశాం. ఎవరి పేరూ రాయడం లేదు. మెచ్చుకోవాల్సిందీ, గట్టిగా అడగాల్సిందీ అందరి దగ్గరా ఉంది.

అమెరికాలో ఇది పాత పద్ధతే. 1975లో న్యూ హ్యాంప్‌షైర్‌లో ఎల్డర్‌హాస్టల్ పేరుతో మొదలుపెట్టి, వేసవిలో ఖాళీగా ఉండే కాలేజీ హాస్టళ్లలో పెద్దవాళ్లకు బస ఇచ్చి, అధ్యాపకులతో పాఠాలు చెప్పించారు. పరీక్షల్లేవు, మార్కుల్లేవు. ఆ సంస్థే ఇప్పుడు రోడ్ స్కాలర్ పేరుతో నడుస్తోంది. మన దగ్గర ఈ వయసులో హాస్టల్లో పడుకోమంటే ఎవరూ రారు కాబట్టి హోటల్లో దింపుతారు. తిరగడం తక్కువ, వినడం ఎక్కువ అన్నదే ఇక్కడా చెప్పే మాట. ఆ మాట మీద నిలబడేవాళ్లు మాత్రం కొందరే.

మూడు రోజుల్లో పదిహేను చోట్లు చూపిస్తామని కరపత్రంలో గొప్పగా వేసినవాళ్ల కంటే, రోజుకు ఒక ఊరు చాలన్నవాళ్లే మా డబ్బుకు న్యాయం చేశారు. మోకాళ్ల సంగతి సరే, దానికి మించిన కారణం ఉంది.

రామప్ప గుడినే తీసుకోండి. ఇద్దరు వేర్వేరు నిర్వాహకులతో వెళ్లాను కాబట్టి పోల్చి చెప్పగలను. మొదటివాళ్లు తెల్లారకముందే హైదరాబాద్‌లో బయల్దేరదీసి, భద్రకాళి, వేయిస్తంభాల గుడి, వరంగల్ కోట అన్నీ అదే రోజు చుట్టబెట్టారు. పాలంపేట చేరేసరికి పొద్దు వాలిపోయింది. నీళ్లలో తేలే ఇటుకల సంగతి గైడు గబగబా చెప్పాడు, ఫొటోలు దిగాం, బస్సెక్కాం. రెండోవాళ్లు రాత్రి హనుమకొండలో ఉంచి, పొద్దున్నే గుడికి తీసుకెళ్లారు. వెంట వచ్చినాయన పురావస్తు శాఖలో పనిచేసి రిటైరైన పెద్దమనిషి. వచ్చీ రాగానే లోపలికి తోలుకుపోకుండా ముందు గుడి చుట్టూ తిప్పాడు. ఆ తర్వాత మండపంలో నేల ఎగుడుదిగుడైన చోట మమ్మల్ని నిలబెట్టి, "కాళ్లతో చూడండి" అన్నాడు. భూమి కదిలిన గుర్తులవి. పునాది గోతిలో ఇసుక నింపి దాని మీద కట్టారు కాబట్టి కుదుపు వచ్చినా కట్టడం నిలిచిందనీ, శిఖరానికి తేలిక ఇటుకలు వాడింది పైన బరువు తగ్గించడానికనీ అప్పుడు చెప్పాడు. అదే ఇటుక, అదే గుడి. మొదటిసారి వింత అనుకున్నది రెండోసారి అర్థమైంది.

1213లో గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడనీ, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చిందనీ ఫోన్‌లో చూసుకున్నా తెలుస్తుంది. నల్లరాతి మదనికలను (నాట్య భంగిమల్లో ఉన్న స్త్రీ శిల్పాలను) ఒక్కొక్కటిగా చూడటానికి మాత్రం టైమ్ కావాలి, మెడ పైకెత్తి కూర్చోవడానికి ఆసనం కావాలి. ఆ నిర్వాహకులు అందరికీ మడత స్టూళ్లు తెచ్చారు. ఇన్నేళ్లలో నేను చూసిన ఏర్పాట్లన్నిటిలో అదే గొప్పది. ఏసీ బస్సు, వెల్‌కమ్ డ్రింకు దాని ముందు దిగదుడుపే.

అక్కడే ఇంకోటి జరిగింది. మా గుంపులో ఇరిగేషన్ శాఖలో ఇంజనీరుగా చేసి దిగిపోయిన ఆయన ఒకరున్నారు. గుడి దగ్గర ఉన్నంతసేపూ నోరు విప్పలేదు. రామప్ప చెరువు కట్ట మీదికి రాగానే మనిషి మారిపోయాడు. రెండు గుట్టల మధ్య కట్ట ఎందుకు అక్కడే వేశారు, తూము ఎక్కడుంది, మత్తడి (చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే చోటు) ఎత్తు ఎలా నిర్ణయిస్తారు, ఇవన్నీ కర్రతో మట్టిలో గీసి చూపించాడు. కాకతీయులు గుడి కట్టిన చోట చెరువు ఎందుకు తవ్వించారో అప్పటిదాకా నాకు పట్టలేదు. పురావస్తు శాఖ పెద్దాయన కూడా నోట్‌బుక్ తీసి రాసుకున్నాడు. అరవై దాటిన వాళ్ల గుంపుతో వెళ్లడంలో లాభం ఇదే. ఎవరో ఒకరు ఏదో ఒకటి జీవితమంతా చేసి ఉంటారు. వాళ్లను మాట్లాడనిచ్చే తెలివి నిర్వాహకులకు ఉండాలి. ఒక యాత్రలో అయితే ప్రశ్న అడిగితే "చివర్లో అడగండి సార్" అనేవాళ్లు, ఆ చివర ఎప్పుడూ రాలేదు.

శ్రీకాళహస్తి యాత్ర నాకు అన్నిటికంటే ఇష్టమైంది. దర్శనం అయిపోయాక ఒక కలంకారీ కళాకారుడి ఇంట్లో పూటంతా కూర్చోబెట్టారు. వసారాలో చాపలు, కుర్చీలు, మధ్యలో బల్ల మీద గుడ్డ. ముందు ఆ గుడ్డ వాసన చూడమన్నాడు. కరక్కాయ పొడి, గేదె పాలు కలిపిన నీళ్లలో నానబెట్టి ఎండేసింది. పాలలోని కొవ్వు వల్ల సిరా పక్కకు పాకదట. నల్లరంగుకు ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లు కుండలో వేసి వారాల తరబడి పులియబెడతారు. మూత తీసి చూపించాడు, వదిన ముక్కు మూసుకుంది. కలం అంటే వెదురుపుల్ల, దానికి కొస పైన గుడ్డ చుట్టి దారంతో బిగించి ఉంటుంది. ఆ చుట్టను వేళ్లతో నొక్కితే సిరా కిందికి దిగుతుంది.

అతను గీసిన గీత మొదట పలచగా ఉంది. చూస్తుండగానే నల్లబడింది. మాతో వచ్చిన కెమిస్ట్రీ మేడమ్ గారు, "ఇనుమూ కరక్కాయలోని టానిన్ కలిశాయి" అని మాకు చెప్పారు. ఆ కళాకారుడు నవ్వి, "అదేమోనమ్మా, కుండ అయిందా లేదా అని మా నాయన వాసనతోనే చెప్పేవాడు, నేనూ అంతే" అన్నాడు. తర్వాత కలం నా చేతికిచ్చాడు. నేను భయపడి బిగించి పట్టుకుంటే గుడ్డ మీద బొట్టు పడి చింతగింజంత మచ్చ అయింది. "గట్టిగా పిసక్కండమ్మా, అదే దిగుతుంది" అన్నాడు. ఎరుపు రావాల్సిన చోట పటిక నీళ్లు పూసి, రంగు వేసి ఉడకబెట్టడం, పారే నీళ్లలో ఉతకడం, మళ్లీ ఎండబెట్టడం, మళ్లీ ఇంకో రంగు. ఒక చీర ఎందుకంత ధరో అడగాల్సిన అవసరం ఎవరికీ రాలేదు.

ఆ పూట తర్వాత షాపుల్లో కలంకారీ అని అమ్మే స్క్రీన్ ప్రింట్లు చూస్తే ఇట్టే తెలిసిపోతోంది. పెడనలో అచ్చులతో అద్దేది వేరే పని, దానికీ తనదైన అందం ఉంది. కానీ మిషన్ మీద వేసింది తెచ్చి చేత్తో గీసిందని చెప్పేవాళ్లను ఇప్పుడు మా వదిన నిలబెట్టి కడిగేస్తోంది.

ఇక తిట్టాల్సినవి. షాపింగు. పోచంపల్లి తీసుకెళ్తామని ఒకరు డబ్బు కట్టించుకున్నారు. మగ్గం దగ్గర ఉంచింది చాలా కొద్దిసేపు, పక్కన చీరల షోరూమ్‌లో కూర్చోబెట్టింది రెండు గంటల పైనే. కమీషన్ ఉందని చిన్నపిల్లలకైనా తెలుస్తుంది. ఆసు పోయడం (నేతకు ముందు నూలును మేకుల చుట్టూ అటూ ఇటూ చుట్టడం) అంటే ఏమిటో, ఒక చీరకు ఆడవాళ్లు చెయ్యి వేలసార్లు అటూ ఇటూ ఆడించాల్సి వచ్చేదనీ, తల్లి పడే ఆ కష్టం చూసి చింతకింది మల్లేశం గారు ఆసు యంత్రం తయారుచేశారనీ, ఆయనకు 2017లో పద్మశ్రీ వచ్చిందనీ ఎవరూ చెప్పలేదు. 1951లో వినోబా భావే భూదానం మొదలైన ఊరు అదే అన్న మాట కూడా బస్సు కదిలాక ఎవరో అడిగితే బయటికొచ్చింది. చీరలు కొనాలంటే దిల్‌సుఖ్‌నగర్‌లోనే దొరుకుతాయి కదా, ఇంత దూరం ఎందుకు?

రెండోది, చెప్పేవాళ్లు. పెద్ద డిగ్రీలుంటే సరిపోదు. నాగార్జునకొండకు లాంచీలో వెళ్తున్నప్పుడు ఒకాయన ఇంజను చప్పుడు మీద అరుస్తూ ఇక్ష్వాకుల వంశావళి చదివాడు. ఒక్క ముక్క వినిపిస్తే ఒట్టు. సాగర్ డ్యాం నీళ్లు ముంచెత్తకముందు 1954 నుంచి 1960 దాకా లోయంతా తవ్వి, కట్టడాలను ఎత్తి కొండ మీదికీ, జలాశయం గట్టున ఉన్న అనుపుకూ మార్చిన కథ ఎంత బాగుంటుంది! అది రాత్రి భోజనాలయ్యాక హోటల్ హాల్లో స్లైడ్లు వేసి చెప్పారు. బీపీ మాత్రలు వేసుకున్న సగం మంది అప్పటికే నిద్రపోయారు. మర్నాడు అనుపులో రంగస్థలం మెట్ల మీద కూర్చోబెట్టి అదే చెప్తే ఏం పోయేది?

ఒంటరిగా వచ్చేవాళ్ల దగ్గర వసూలు చేసే అదనపు గది ఛార్జీ మీద నాకు చాలా కోపం. ఈ యాత్రలకు వచ్చేవాళ్లలో భర్త పోయిన ఆడవాళ్లు ఎక్కువ. జంటకు ఒక ధర, ఒక్క మనిషికి దాదాపు అంతే ధర అంటే ఎలా? మేమిద్దరం కలిసి వెళ్తాం కాబట్టి మాకు ఇబ్బంది లేదు. ఒకరిద్దరు నిర్వాహకులు ఒంటరివాళ్లను ముందే ఫోన్‌లో పరిచయం చేసి గది పంచుకునే వీలు కల్పిస్తున్నారు. అందరూ చేయొచ్చు, ఖర్చేం కాదు.

తిండి, బస సంగతి త్వరగా చెప్పేస్తాను. భోజనం ఎక్కడా బాధపెట్టలేదు, కాకపోతే షుగర్ ఉన్నవాళ్లు రాత్రి భోజనం ఎన్నింటికని ముందే అడగాలి. నిమ్మలకుంట దగ్గర తోలుబొమ్మలాట రాత్రి మొదలై ఎంతకీ అవ్వదు. ఆట అయ్యాక తెర వెనక్కి తీసుకెళ్లి, మేకతోలు బొమ్మను దీపానికి అడ్డంగా పెట్టి రంగు ఎలా వెలుగుతుందో చూపించారు కాబట్టి ఎవరూ సణుక్కోలేదు. కింది అంతస్తు గది, వెస్టర్న్ టాయిలెట్, బస్సు మెట్టు ఎత్తు, ఈ మూడూ డబ్బు కట్టకముందే తేల్చుకోండి. రామప్ప, లేపాక్షి లాంటి చోట్ల చెప్పులు విప్పాలి, మధ్యాహ్నం రాయి కాలిపోతుంది. మందపాటి సాక్సులు బ్యాగులో పడేసుకోండి. వేసవిలో పెట్టే యాత్రలకు మాత్రం సగం ధరకు వచ్చినా వెళ్లను.

రైల్లో సీనియర్ సిటిజన్ రాయితీ 2020 మార్చిలో ఆపేశాక ఖర్చు ఇంకా పెరిగింది. మామూలు టూర్ ప్యాకేజీ కంటే ఇవి ఎక్కువే పడతాయి. ఊళ్లు ఎన్ని చూశామన్నది లెక్కేసుకునే వాళ్లకు ఇవి నచ్చవు. మా తోటికోడలు ఒకసారి వచ్చి, "ఒక్క గుడి దగ్గర మూడు గంటలేంటే" అని మళ్లీ రాలేదు. ఆవిడ తప్పేం లేదు, ఆవిడకు తిరుపతి, కంచి, రామేశ్వరం ఒకే బస్సులో అయిపోవాలి. దేవుడి మీద ధ్యాస ఉన్నవాళ్లకు తీర్థయాత్రల బస్సే మేలు. బస్సులో భజనలు, రాజకీయాలు వద్దని మా నిర్వాహకులు పెట్టిన నియమం కూడా ఆవిడకు నచ్చలేదు. రెండోది నాకు ప్రాణం లేచొచ్చినట్టుంది, మొదటిది కొంచెం అతే.

వచ్చే చలికాలం ఏటికొప్పాకకు డబ్బు కట్టాం. వరాహ నది ఒడ్డున అంకుడు కర్రతో లక్కబొమ్మలు చేసే ఊరు. బొమ్మ తిరుగుతుండగా లక్క కర్ర ఆనించి రంగెక్కించి, మొగలి ఆకుతో మెరుగు పెడతారని విన్నాను, అది దగ్గరుండి చూడాలి. పని జరిగే చోట ఎంతసేపు ఉంచుతారని ఫోన్‌లో అడిగితే, "పొద్దుటి పూటంతా అక్కడేనండీ" అన్నారు. ఇంకో మూడు వేలు కడితే అదే రోజు సాయంత్రానికి అరకు కూడా కలుపుతామన్నారు. వద్దన్నాం.