బెరియా కాలేజీ: నాలుగేళ్లు చదివి, పని చేశాక రాస్తున్న సమీక్ష

అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో, లెక్సింగ్టన్‌కు దక్షిణంగా 40 మైళ్ల దూరాన, ఐ-75 హైవే పక్కన బెరియా అనే చిన్న ఊరుంది. ఊరి పేరే కాలేజీ పేరు కూడా. విద్యార్థులు సుమారు 1,500 మంది. 1892 నుంచి ఇక్కడ ఏ విద్యార్థి దగ్గరా ట్యూషన్ ఫీజు తీసుకోలేదు. మన ఊళ్లలో పిల్లలకు చేరేది ఈ ముక్క ఒక్కటే. చేరాల్సిన ముక్క ఇంకోటి ఉంది: ఇక్కడ చదివే ప్రతివాళ్లూ వారానికి కనీసం 10 గంటలు కాలేజీ అప్పగించిన పని చేసి తీరాలి.

ఆ పది గంటల పనితో ఫీజు తీరిపోతుందనుకోవడం పొరపాటు. ఫీజు భారం మోసేది కాలేజీ మూలనిధి, అంటే దాతలిచ్చిన డబ్బును పెట్టుబడిగా పెట్టి రాబడి వాడుకునే నిధి. దాతలు ఏ షరతూ పెట్టకుండా వీలునామాల్లో రాసే డబ్బంతా మూలనిధిలోనే వేయాలని 1920లో ట్రస్టీలు తీర్మానించారు. ఆ కట్టుబాటు వల్లే నిధి ఈరోజు వంద కోట్ల డాలర్లు దాటింది. పనిని ఇక్కడ చదువులో భాగంగా చూస్తారు. మార్కుల ట్రాన్స్‌క్రిప్ట్‌తో పాటు పనికి వేరే ట్రాన్స్‌క్రిప్ట్ ఇస్తారు, సూపర్‌వైజర్ మూల్యాంకనం కూడా ఉంటుంది. గంటకు కొద్దిగా డబ్బు చేతికొస్తుంది. అది సబ్బులకు, ఫోన్ బిల్లుకు సరిపోతుంది, ఇంటికి పంపేంత మాత్రం మిగలదు.

మొదటి ఏడు పని ఎక్కడో కాలేజీయే నిర్ణయిస్తుంది. భోజనశాల, భవనాల శుభ్రత, లైబ్రరీ, పొలం, లేదా చేతిపనుల శాల, వీటిలో ఏదైనా రావచ్చు. రెండో ఏడు నుంచి మనకు కావలసిన విభాగానికి మనమే దరఖాస్తు చేసుకోవచ్చు. కంప్యూటర్ సైన్స్ పిల్లల చూపు సాఫ్ట్‌వేర్ తయారుచేసే విద్యార్థి బృందం మీద ఉంటుంది. కాలేజీ నిజంగా వాడుకునే ప్రోగ్రాములను ఈ బృందమే రాస్తుంది. అక్కడికి వెళ్లాలనుకుంటే మొదటి ఏడు గిన్నెలు తోమే పని వచ్చినా వేళకు వెళ్లడం ముఖ్యం. తర్వాత తీసుకునేవాళ్లు మార్కుల కంటే ముందు ఆ మూల్యాంకనమే చూస్తారు.

చేతిపనుల శాలల గురించి కాస్త ఎక్కువగా చెప్పాలి. ఈ కాలేజీ ప్రత్యేకత అక్కడే ఉంది. చీపుర్ల శాల 1920 నుంచి నడుస్తోంది. వాళ్లు బ్రూమ్‌కార్న్ అనేది మన జొన్న జాతి మొక్కే. దాని కంకి ఈనెలను నీళ్లలో నానబెట్టి మెత్తబరుస్తారు. పొడి ఈనె తీగ బిగించగానే పుటుక్కున విరుగుతుంది. తడి మరీ ఎక్కువైతే ఆరాక ఈనెలు కుంచించుకుపోయి కట్టు వదులవుతుంది, పిడి ఊడొస్తుంది. కర్ర పిడిని తిప్పే యంత్రానికి బిగించి, ఒక్కో పిడికెడు ఈనెలు పెడుతూ తీగ చుడతారు. తర్వాత బిగించే పట్టకారు (వైస్) మధ్య నొక్కి చదును చేసి, దారంతో అడ్డకుట్లు వేసి, చివర్లు సమంగా కత్తిరిస్తారు. నేర్చుకునేవాళ్లు తప్పు చేసేది ఎక్కువగా చుట్టే దగ్గరే. తీగను ఒకే బిగువులో ఉంచడానికి చెయ్యి కుదరాలంటే వారాలు పడుతుంది.

నేత శాలలో కాలితో తొక్కే మగ్గాలుంటాయి. మంగళగిరి, పోచంపల్లి వైపు నుంచి వచ్చినవాళ్లకు పడుగు (నిలువు పోగులు), పేక (అడ్డపోగులు), అచ్చు (పోగులను విడిగా ఉంచే దువ్వెన లాంటి చట్రం) కొత్త సంగతులు కావు. నేయడం కంటే పడుగు ఎక్కించడమే పెద్ద పని. అచ్చులో ఒక్క పోగు తప్పుడు సందులో పడితే బట్ట పొడుగునా గీత కనిపిస్తుంది. దాన్ని మధ్యలో సరిచేయలేం, ముడి విప్పి మళ్లీ ఎక్కించాల్సిందే. పడుగు బిగువు ఒక పక్క తగ్గితే అంచు వంకరపోతుంది. అందుకే ఈ శాలల్లో పని దొరికినవాళ్లు క్లాసుకీ క్లాసుకీ మధ్య దొరికే గంట ముక్కలను పనికి పెట్టుకోకూడదు. సర్దుకోవడానికే పావుగంట పోతుంది. ఒకేసారి రెండు, మూడు గంటలు వరుసగా పెట్టుకుంటేనే చెయ్యి సాగుతుంది.

వారం లెక్క ఇలా ఉంటుంది. టర్మ్‌కు మామూలుగా నాలుగు కోర్సులు. క్లాసుకు వారానికి 12 నుంచి 16 గంటలు పోతాయి. బయట చదువుకు దానికి రెట్టింపు అనుకోండి. దానిపైన పని 10 గంటలు. ఇవికాక కాన్వొకేషన్లు, అంటే ఉపన్యాసాలకూ కచేరీలకూ హాజరు కావాలి. వాటిని టర్మ్ మొదట్లోనే పూర్తిచేసుకోవడం మేలు. చివరి వారాల దాకా ఆగితే పరీక్షల మీద పడతాయి. పని గంటలదీ ఇదే దారి. ఒక వారం తగ్గితే తర్వాతి వారాల్లో పూడ్చాలి, ఆ బాకీ పెరిగేది సరిగ్గా పరీక్షల ముందే.

ఈ పద్ధతి వెనక చరిత్ర తెలిస్తే క్యాంపస్ వేరేగా కనిపిస్తుంది. బానిసత్వం అమల్లో ఉన్న రాష్ట్రంలో, దాన్ని వ్యతిరేకించిన జాన్ ఫీ అనే పాదిరి 1855లో ఒంటిగది బడితో మొదలుపెట్టాడు. 1859లో అల్లరిమూకలు ఆయన్నీ, తోటివాళ్లనీ ఊరి నుంచి తరిమేశాయి. అంతర్యుద్ధం ముగిశాక తిరిగొచ్చి 1866లో మళ్లీ తెరిచారు. ఆ ఏడాది 96 మంది నల్లజాతి పిల్లలు, 91 మంది తెల్లజాతి పిల్లలు ఒకే గదుల్లో చదివారు. 1904లో కెంటకీ శాసనసభ ‘డే చట్టం’ తెచ్చి రెండు జాతులూ కలిసి చదవడాన్ని నిషేధించింది. కాలేజీ సుప్రీంకోర్టు దాకా పోరాడి 1908లో ఓడిపోయింది. నల్లజాతి పిల్లల కోసం లూయివిల్ దగ్గర లింకన్ ఇన్‌స్టిట్యూట్ పెట్టించింది. 1950లో చట్టం సవరించగానే తలుపులు మళ్లీ తెరిచింది. ఆ మధ్యకాలపు దెబ్బ చిన్నది కాదు, దాదాపు అర్ధశతాబ్దం పాటు కాలేజీ పుట్టిన ఉద్దేశమే ఆగిపోయింది. అమెరికా నల్లజాతి చరిత్ర రచనకు ఆద్యుడైన కార్టర్ వుడ్‌సన్ ఆ చట్టానికి ఒక్క ఏడాది ముందు, 1903లో ఇక్కడ పట్టా పుచ్చుకున్నాడు. 2002లో రసాయనశాస్త్ర నోబెల్ అందుకున్న జాన్ ఫెన్ కూడా ఇక్కడి విద్యార్థే.

ఫెల్ప్స్ స్టోక్స్ చాపెల్ (కాలేజీ ప్రార్థనామందిరం) ముందు నడిచేటప్పుడు గోడ దగ్గర ఒక్కసారి ఆగి చూడండి. పాతది 1902లో కాలిపోయింది. కొత్తదానికి డబ్బిచ్చిన దాత, విద్యార్థుల చేతులతోనే కట్టాలని షరతు పెట్టింది. ఇటుకలు సహా వాళ్ల చేతిపనే. 1906లో పూర్తయింది. అక్టోబరులో వచ్చే మౌంటెన్ డేకి క్లాసులుండవు, అందరూ పినకిల్స్ కొండలెక్కుతారు. సూర్యోదయానికి పైన ఉండాలంటే చీకట్లోనే బయలుదేరాలి. టార్చి, మంచి బూట్లు తప్పనిసరి, మంచుకు తడిసిన రాళ్ల మీద చెప్పులు జారతాయి.

ఇక చేరడం సంగతి. విదేశీ విద్యార్థులను ఏటా సుమారు 30 మందినే తీసుకుంటారు, అదీ ప్రపంచమంతటి నుంచి. డిగ్రీ చేతిలో ఉన్నవాళ్లకు ఇది కాదు. బి.టెక్ లాంటి కోర్సు ఆశించి రావద్దు, ఇది లిబరల్ ఆర్ట్స్ కాలేజీ. కంప్యూటర్ సైన్స్ మేజర్ (ప్రధాన సబ్జెక్టు) చేసినా చరిత్ర, రచన, కళలకు సంబంధించిన కోర్సులు తప్పవు. మన ఇంటర్ పిల్లలు చిక్కుకునేది ఒక చోట: అమెరికా కాలేజీలు తొమ్మిదో తరగతి నుంచి మార్కులు చూస్తాయి. తొమ్మిది, పది ఒక హైస్కూల్లో, ఇంటర్ వేరే కాలేజీలో జరుగుతాయి కాబట్టి పాత హెడ్‌మాస్టారి దగ్గరకు ముందే వెళ్లి తొమ్మిదో తరగతి మార్కుల పట్టిక సంతకంతో, ముద్రతో తెచ్చుకోవాలి. సిఫారసు లేఖ ర్యాంకుల గురించి కాకుండా పిల్లవాడు చేసిన పని గురించి మాట్లాడేలా లెక్చరర్‌ను అడగాలి. తహసీల్దారు ఇచ్చే ఆదాయ ధ్రువపత్రాన్ని భద్రంగా దగ్గర పెట్టుకోండి, పేదరికం ఇక్కడ అర్హత.

మొదటి ఏడు ట్యూషన్, గది, భోజనం అన్నీ కాలేజీ చూసుకుంటుంది. లాప్‌టాప్ కూడా వాళ్లే ఇస్తారు. తర్వాతి ఏళ్లకు వేసవి పనిలో సంపాదించి కొంత పక్కన పెట్టాలి. ఎఫ్-1 వీసా మీద టర్మ్ రోజుల్లో క్యాంపస్ పని 20 గంటలు దాటకూడదు. కాలేజీ 10 గంటలూ ఆ లెక్కలోకే వస్తాయి, రెండో పని ఒప్పుకునే ముందు ఇది కూడిక వేసుకోండి. భోజనశాలలో శాకాహారం దొరుకుతుంది. కందిపప్పు, ఆవపిండి, పచ్చళ్లు కావాలంటే మాత్రం లెక్సింగ్టన్ దాకా వెళ్లాలి, సొంత కారు లేనివాళ్లు నలుగురు కలిసి నెలకోసారి వెళ్తే నయం.

పన్ను విషయం చాలామందికి ఆలస్యంగా తెలుస్తుంది. ట్యూషన్‌కిచ్చిన స్కాలర్‌షిప్ మీద పన్ను లేదు, కానీ గదికీ భోజనానికీ ఇచ్చిన భాగం ఆదాయం కిందికొస్తుంది. భారతీయ విద్యార్థులకు భారత్-అమెరికా పన్ను ఒప్పందం 21వ అధికరణం ప్రకారం స్టాండర్డ్ డిడక్షన్ వాడుకునే హక్కు ఉంది, చాలా ఇతర దేశాల పిల్లలకు లేదు. 1040-ఎన్ఆర్ (విదేశీయులు వేసే అమెరికా పన్ను రిటర్ను) నింపేటప్పుడు ఆ అధికరణం రాయాలి, 8843 ఫారం (అమెరికాలో ఉన్న రోజుల వివరాలు చెప్పేది) జతచేయాలి. జీతం ఉన్నవాళ్లకు గడువు ఏప్రిల్ 15.