కొత్త ఏడాదికి ఫోన్‌కో గేటు: డు నాట్ డిస్టర్బ్, వాట్సాప్ సెట్టింగులు ఎంతవరకు ఆపుతాయి?

డిసెంబర్ చివర్లో నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర డైరీ కొని, మొదటి పేజీలో "రాత్రిపూట ఎవరి ఫోనూ ఎత్తను, అడిగిన ప్రతిదానికీ తలూపను" అని రాసుకునేవాళ్లకు కొదవ లేదు. సంక్రాంతి నాటికి డైరీ అలమారా ఎక్కుతుంది. ఫోన్ మాత్రం రాత్రి పదకొండింటికి మోగుతూనే ఉంటుంది. ఆ డైరీ కంటే ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఊరికే వచ్చే డు నాట్ డిస్టర్బ్, అంటే మనం చెప్పిన వేళల్లో కాల్స్, మెసేజ్‌ల మోతను ఆపే సెట్టింగు, ఎక్కువ పని చేస్తుంది. అయిదుకు నాలుగు మార్కులు ఇవ్వొచ్చు. ఆ ఒక్కటి ఎందుకు తగ్గిందో కింద ఉంది.

సెట్టింగ్స్‌లో సౌండ్ కిందో, నోటిఫికేషన్ల కిందో ఉంటుంది, కంపెనీని బట్టి చోటు మారుతుంది. షెడ్యూల్ పెట్టుకుంటే రోజూ దానంతటదే మొదలై, దానంతటదే ఆగుతుంది. దీని ప్రాణమంతా మినహాయింపుల్లోనే, అంటే ఎవరి ఫోన్ అయితే మోగనివ్వాలో చెప్పడంలోనే ఉంది. కాల్స్ దగ్గర "స్టార్డ్ కాంటాక్ట్స్" ఎంచుకుని, ఇంట్లోవాళ్లు, ఊళ్లో ఉన్న అమ్మానాన్న, పక్కింటివాళ్లు, ఇలా అయిదారుగురికి మించకుండా స్టార్ పెట్టాలి. మొహమాటానికి ఇరవై మందికి పెడితే గేటు పెట్టి తాళం మరిచినట్టే. బోరు మోటారుకు మొబైల్ స్టార్టర్ ఉన్న రైతు అందులోని సిమ్ నంబర్‌కు కూడా స్టార్ పెట్టాలి, లేదంటే మోటారు ఆగిందన్న కాల్ తెల్లారాకే కనిపిస్తుంది.

"రిపీట్ కాలర్స్" అని ఇంకొకటి ఉంది. ఒకే మనిషి 15 నిమిషాల్లో రెండోసారి చేస్తే ఫోన్ మోగుతుంది. ఇది ఆన్‌లో ఉంచితే "ఏమన్నా ఆపదొస్తే ఎట్లా" అన్న భయం పోతుంది. కాకపోతే పట్టువదలని మనిషికి కూడా ఇదే దారి.

పాలమూరు ఇళ్లల్లో దెబ్బతినేది ఇంకోచోట. దుబాయి నుంచి వచ్చే ఫోన్ చాలాసార్లు మామూలు నంబర్ మీద రాదు, బోటిమ్ లాంటి యాప్ మీద వస్తుంది. మనిషికి స్టార్ ఉన్నా ఆ యాప్ కాల్ ఆగిపోవచ్చు. "యాప్స్" మినహాయింపులో దాన్ని విడిగా చేర్చాలి. అక్కడి గడియారం మనకంటే గంటన్నర వెనక. డ్యూటీ దిగి ఎనిమిదింటికి చేస్తే ఇక్కడ తొమ్మిదిన్నర. కాబట్టి షెడ్యూల్ తొమ్మిదికి కాదు, పదిన్నరకు మొదలుపెట్టడం మేలు.

వాట్సాప్‌కు మార్కులు మూడే. ప్రైవసీలో "గ్రూప్స్" తెరిచి "మై కాంటాక్ట్స్ ఎక్సెప్ట్" పెడితే, మీరు వద్దన్న మనిషి మిమ్మల్ని గ్రూపులోకి లాగలేడు, లింకు పంపాల్సిందే. గ్రూపు నుంచి సప్పుడు లేకుండా బయటపడొచ్చు, అడ్మిన్లకు మాత్రం తెలుస్తుంది. అయితే పాత సభ్యుల జాబితాలో 60 రోజులు పేరు కనబడుతుంది, మేనబావ ఎవరో తీసి చూడనే చూస్తాడు. నీలం టిక్కులు తీసేసినా గ్రూపుల్లో ఆగవు. ఆర్కైవ్‌లో పడేసిన గ్రూపులో ఎవరైనా మీ పేరు ట్యాగ్ చేస్తే నోటిఫికేషన్ వస్తుంది. "సైలెన్స్ అన్‌నోన్ కాలర్స్" బాగుంది గానీ అది వాట్సాప్ కాల్స్‌కే, సిమ్ కాల్స్‌ను ముట్టుకోదు.

ఫోన్ వాడకాన్ని లెక్కగట్టే డిజిటల్ వెల్‌బీయింగ్‌లో, రోజుకు ఇంతసేపే అని యాప్‌కు హద్దు పెట్టే యాప్ టైమర్ గురించి ఎక్కువ చెప్పడానికేం లేదు. తాళం వేసిన చేతిలోనే తాళంచెవి ఉంటుంది.

ఇక తగ్గిన ఆ మార్కు. ఈ సెట్టింగులు మోతను ఆపుతాయి, అడిగే మనిషిని ఆపవు. చెప్పకుండా పెడితే పొద్దున పది మిస్డ్ కాల్స్, పైగా ఒక అలక. వడ్ల సీజన్‌లో మిర్యాలగూడ రైస్ మిల్లు గుమస్తా అయినా, బడి పంతులు అయినా ముందు రోజే ఒక మాట వేయాలి: "అన్నా, పదిన్నర దాటితే నా ఫోన్ సప్పుడు చెయ్యది. మరీ అర్జెంటైతే ఎంటనే రెండోసారి కొట్టు." చేబదులు అడిగేవాళ్లకు ఏ సెట్టింగూ లేదు. అక్కడ చేటు చేసేది "చూద్దాంలే" అన్న మాట. అవతలివాళ్లకు అది సగం ఒప్పుకోలు, వారానికి మళ్లీ ఫోన్. "ఈసారి నాతోని కాదు అన్నా" అనేస్తే సరి. కారణం జోడించొద్దు, కారణం చెప్తే దానికి విరుగుడు తెస్తారు.

ఫోన్ ఆపినా నిద్ర పట్టక, గుండె దడ, దిగులు వారాల తరబడి ఉంటే అది సెట్టింగులతో తీరేది కాదు. 14416 టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌కు చేయొచ్చు. ప్రభుత్వానిది, 2022లో మొదలైంది, ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు.

అన్నీ పెట్టాక నమ్మి పడుకోవద్దు. షెడ్యూల్ నడుస్తున్నప్పుడు స్టార్ లేని నంబర్ నుంచి ఒకసారి కొట్టించండి, మోగకూడదు. రెండు నిమిషాలాగి మళ్లీ కొట్టిస్తే మోగాలి. మోగకపోతే రిపీట్ కాలర్స్ ఆఫ్‌లో ఉన్నట్టు, లేదా ఫోన్ సైలెంట్‌లో ఉన్నట్టు. రింగ్ వాల్యూమ్ కూడా చూసుకోండి.