పదిహేనేళ్ల లారా ఆర్‌ఎస్: బాగు చేయించాలా, అమ్మేయాలా?

స్కోడా లారా ఆర్‌ఎస్ 2011లో మన మార్కెట్‌లోకి వచ్చింది. యూరప్‌లో దీని అన్న ఆక్టేవియా ఆర్‌ఎస్ 2.0 లీటర్ల ఇంజిన్‌తో 200 పీఎస్ ఇస్తే, మనకు దక్కింది 1.8 టీఎస్‌ఐ టర్బో పెట్రోలు: 160 పీఎస్, 250 ఎన్‌ఎం, ఆరు గేర్ల మాన్యువల్. కాగితం మీద తక్కువే. కానీ 1500 ఆర్‌పీఎం నుంచే పూర్తి టార్కు అందుతుంది కాబట్టి అవుటర్ రింగు రోడ్డు మీద ఐదో గేరులోనే ఓవర్‌టేక్ అయిపోతుంది. వెనక మల్టీలింక్ సస్పెన్షన్, బరువైన స్టీరింగు కలిసి ఇచ్చే పట్టు ఇప్పటి చాలా ఎస్‌యూవీల్లో దొరకదు. నడపడానికి ఈ కారు ముసలిది కాలేదు. ముసలిదైంది ఇంజిన్ లోపలి రెండు భాగాలు. ఉంచుకోవాలా, వదిలించుకోవాలా అన్నది ఆ రెండే తేలుస్తాయి.

ఒకటి టైమింగ్ చైన్ టెన్షనర్, అంటే క్రాంక్‌ను వాల్వులు తెరిచే క్యామ్‌లతో కలిపే చైన్‌ను బిగువుగా ఉంచే భాగం. ఆయిల్ ప్రెషర్ లేనప్పుడు చైన్‌ను నెట్టే కడ్డీ (ప్లంజర్) వెనక్కి జారకుండా పట్టుకునే ర్యాచెట్ పాత డిజైన్‌లో బలహీనం. రాత్రంతా ఆగిన బండి స్టార్ట్ చేయగానే రెండు మూడు సెకన్లు గలగలమంటే అదే సంకేతం. ఆ పట్టు పూర్తిగా పోతే చైన్ పళ్లు దాటుతుంది, వాల్వులు పిస్టన్లకు తగులుతాయి, హెడ్ పోతుంది. కంపెనీ 2012 ప్రాంతంలో టెన్షనర్ మార్చింది. అంటే మొదటి బ్యాచ్ బండ్లకే ముప్పు ఎక్కువ. చూడటానికి ఇంజిన్ విప్పక్కర్లేదు. కింది టైమింగ్ కవర్‌కు ఉన్న చిన్న మూత (ప్లగ్) తీసి టార్చి వేస్తే టెన్షనర్ పాతదో కొత్తదో, ప్లంజర్ ఎంత బయటికి వచ్చిందో కనిపిస్తుంది. ఎక్కువ వచ్చి ఉంటే చైన్ సాగినట్టే. ఫోక్స్‌వ్యాగన్, స్కోడా బండ్ల కంప్యూటర్‌ను చదివే వీసీడీఎస్ స్కానర్ ఉన్న షెడ్డులో 93వ గ్రూపు కొలతలు కూడా చూపించండి. అందులో క్యామ్ ఫేజ్ (క్రాంక్‌తో పోలిస్తే క్యామ్ ఎంత పక్కకు జరిగిందనే) విలువ సున్నాకు ఎంత దూరం జరిగితే చైన్ అంత సాగింది. ఈ పరీక్ష అయ్యేదాకా వాలు మీద హ్యాండ్ బ్రేకు లేకుండా గేరులో వదిలి పార్క్ చేయకండి. బండి వెనక్కి జారితే ఇంజిన్ ఎదురు తిరుగుతుంది, పాత ర్యాచెట్‌కు అంతకంటే గండం లేదు.

ఒక్క టెన్షనర్ మార్చి ఊరుకునే మెకానిక్‌తో పని వద్దు. చైన్, గైడ్లు, బ్యాలెన్స్ షాఫ్ట్ చైన్, దాని టెన్షనర్, కొత్త క్రాంక్ బోల్టు అన్నీ ఒకేసారి పడాలి. ఎందుకంటే ఖర్చులో పెద్ద వాటా విడిభాగాలది కాదు, విప్పి బిగించే కూలిది. ఈ ఇంజిన్‌లో క్రాంక్ బోల్టు వదులు చేయగానే స్ప్రాకెట్లు (చైన్ తిరిగే పళ్ల చక్రాలు) జారిపోతాయి, పట్టి ఉంచే ప్రత్యేక టూల్ తప్పనిసరి. క్యామ్ అడ్జస్టర్ వాల్వుకు ఎడమ మర, విప్పడానికి మామూలుకు ఎదురు తిప్పాలి. క్యామ్ బ్రిడ్జిలోని సన్నటి జాలీ విరిగి ఆయిల్ దారికి అడ్డుపడుతుంటుంది, దాన్నీ చూడాలి. “టూల్ ఉందా?” అని అడగండి. జవాబు తడబడితే వేరే షెడ్డు వెతుక్కోండి.

రెండోది పిస్టన్ల ఆయిల్ రింగులు, అవి పాడైతే ఇంజిన్ ఆయిల్ తాగుతుంది. ఆయిల్ కంట్రోల్ రింగుల్లోని సన్నటి రంధ్రాలు మసితో మూసుకుపోతాయి, సిలిండర్ గోడ మీది ఆయిల్ కిందికి దిగక కాలిపోతుంది. కొలవడం సులువే. ఫోక్స్‌వ్యాగన్ (వీడబ్ల్యూ) 502 00 ప్రమాణమున్న 5డబ్ల్యూ-40 ఆయిల్ మ్యాక్స్ గుర్తు దాకా పోసి, 1000 కిలోమీటర్లు తిప్పి, మళ్లీ ఆ గుర్తుకు తేవడానికి ఎంత పట్టిందో లెక్కేయాలి. అర లీటరు దాకా మామూలేనని మాన్యువల్ అంటుంది, అది కంపెనీ తనకు తాను ఇచ్చుకున్న మినహాయింపు. అర లీటరు దాటితే కంగారుపడి ఇంజిన్ దించకండి. ముందు పీసీవీ వాల్వు, అంటే ఇంజిన్ లోపలి ఆవిరిని ఇన్‌టేక్‌లోకి పంపే వాల్వు సంగతి చూడండి. ఐడిలింగ్‌లో ఆయిల్ మూత అతుక్కుపోయినట్టు గట్టిగా ఉన్నా, విజిల్ శబ్దం వస్తున్నా తప్పు దానిదే కావచ్చు. ఈ వాల్వు పోతే క్రాంక్ వెనక సీల్ కూడా కారడం మొదలెడుతుంది. కొత్త పీసీవీతో ఇంకో 1000 కిలోమీటర్లు తిప్పాక కూడా అంతే తాగుతుంటే రింగులే. అప్పుడు హెడ్ లేచి, పిస్టన్లు బయటికి రావాలి. ఈ ఇంజిన్ పిస్టన్లలో 21, 23 మిల్లీమీటర్ల పిన్నులు రెండూ ఉన్నాయి. కొలవకుండా ఆర్డర్ చేస్తే కనెక్టింగ్ రాడ్లతో పొసగదు.

నీళ్ల పంపు, థర్మోస్టాట్ ప్లాస్టిక్ హౌసింగ్ ఎప్పుడో ఒకప్పుడు కారక తప్పదు. ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ కింద గులాబీ రంగు పొర కడితే అదే. మ్యానిఫోల్డ్ ఎలాగూ విప్పాలి గనక అదే రోజు వాల్వుల మీది మసి కూడా తీయించేయండి. డైరెక్ట్ ఇంజెక్షన్‌లో పెట్రోలు ఇన్‌టేక్ వాల్వులను కడగదు, ట్యాంకులో పోసే క్లీనర్ సీసాలు వాటిదాకా చేరవు. ఆపేటప్పుడు ధన్‌మని చప్పుడొస్తే డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ (ఇంజిన్ కుదుపులను మింగే, క్లచ్ పక్కన ఉండే బరువైన చక్రం) అయిపోయింది, క్లచ్ సెట్టుతో కలిపి మార్చాలి. రీమ్యాప్ చేసిన (ఇంజిన్ సాఫ్ట్‌వేర్ మార్చి పవర్ పెంచిన) బండ్లలో ఇది తొందరగా వస్తుంది. బుష్‌లు, స్ట్రట్ మౌంట్లు మన గోతులకు మామూలు ఖర్చే, వాటిని చూసి బండి అమ్ముకోనక్కర్లేదు.

చైన్ ఒక్కటే సమస్యైతే బాగు చేయించి ఉంచుకోండి. ఈ డబ్బుకు ఈ నడక ఇచ్చే మాన్యువల్ సెడాన్ ఇప్పుడు దొరకదు. రింగులు పోయి, పైన క్లచ్ కూడా అడుగుతుంటే ఆ బిల్లు బండి ధరను మింగేస్తుంది, అమ్మేయడమే మేలు. చిక్కటి ఆయిల్ పోసి, శబ్దం అణిచి అమ్మాలనుకోవద్దు. ఈ మోడల్ కొనేవాళ్లు స్కానర్ తెచ్చుకునే వస్తారు. కొలత లెక్కలు, బిల్లులు ముందు పెడితే బేరం తగ్గినా త్వరగా తెగుతుంది.

అమ్మినా, ఉంచినా ఆర్‌సీ తేదీ చూసుకోండి. పదిహేనేళ్లు నిండే ముందు 60 రోజుల్లో ఫారం 25తో రెన్యువల్‌కు దరఖాస్తు చేయొచ్చు. ఫిట్‌నెస్ పాసైతే ఇంకో ఐదేళ్లు వస్తుంది. 2022 ఏప్రిల్ నుంచి కారు రెన్యువల్ ఫీజు 600 నుంచి 5000 రూపాయలైంది, రాష్ట్రం వేసే గ్రీన్ ట్యాక్స్ వేరు. గడువు దగ్గరపడ్డ ఆర్‌సీతో అమ్మకానికి పెడితే కొనేవాడు ఈ తలనొప్పికి రెట్టింపు కోస్తాడు, రెన్యువల్ చేయించే పెట్టండి. అమ్మాక ఫారం 29, 30 దాఖలై పేరు మారేదాకా చలాన్లు మీ పేరిటే వస్తాయి. ఇన్సూరెన్స్ నో క్లెయిమ్ బోనస్ బండిది కాదు, మీది. కంపెనీ నుంచి ఆ పత్రం రాయించుకుంటే మూడేళ్లలోపు కొనే కారుకు వాడుకోవచ్చు.